మూడో గురువారం చారు

ఇసోకి ఎవరిమీదా నమ్మకం లేదు. చేపల వ్యానువాడు తూకం వేస్తుంటే ఆమె చేపను చూడదు, వాడి బొటనవేలు ఎక్కడుందో చూస్తుంది. పోయినవాళ్ళ తిథికి సన్యాసి వచ్చి మంత్రాలు చదువుతుంటే పుస్తకంలో ఎన్ని పేజీలు తిప్పాడో లెక్కపెడుతుంది. రేపు మంచు పడదని రేడియోలో చెప్పారంటే, ఆ సాయంత్రమే మంచు ఎత్తే పార తెచ్చి గుమ్మం పక్కన ఆనిస్తుంది.

"మా అత్తయ్య అద్దంలో మొహం చూసుకున్నా, వెనకాల ఎవరైనా నక్కి ఉన్నారేమోనని చూస్తుంది" అనేది కోడలు ఫుసాయె. ఆ మాట ఇసో చెవిన పడింది కూడా. ఆమె కోప్పడలేదు. "చూస్తే తప్పేముంది? ఉంటే దొరుకుతారు, లేకపోతే పోయిందేముంది?" అంది.

అనుమానం ఆమెకు ఊరికే అబ్బిన గుణం కాదు. పదమూడో ఏట నవ్వుమొహం వేసుకున్న ఏజెంటు ఒకడు మిజునాషి లోయకొచ్చాడు. మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం కుట్టుపని నేర్పే బడి అని చెప్పి, తొమ్మిదిమంది ఆడపిల్లల్ని పట్టుమిల్లుకి తోలుకెళ్ళాడు. తెల్లన్నం లేదు, బడి లేదు. ఆవిర్లలో పద్నాలుగు గంటలు నిలబడి పట్టుకాయలు విప్పడమే. అయితే నెలకోసారి సర్కారు తనిఖీ అయ్యగారు వచ్చేవాడు. ఆ పూట మాత్రం పళ్ళెంలో చేప ఉండేది. తలా ఒక ముక్క, మీద సన్నగా తరిగిన ఉల్లికాడలు. అయ్యగారు "భోజనం ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. పిల్లలు నోటినిండా చేప పెట్టుకుని "బాగుందండీ" అనేవాళ్ళు. అబద్ధం కాదు మరి, ఆ పూట బాగానే ఉండేది. ఆ తొమ్మిదిమందిలో ముగ్గురు ఛాతీ జబ్బుతో పెట్టెల్లో ఇంటికొచ్చారు.

ఇసో బతికొచ్చింది. ఇళ్ళ పైకప్పులకు గడ్డి నేసే యాసుజోని పెళ్ళాడింది, ఒక కొడుకుని కంది. యాసుజో నలభై తొమ్మిదో ఏట, ఫిబ్రవరి పొద్దున దొడ్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ లోయలో పక్షవాతాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. 'తగిలింది' అంటారు, ఎవరో రాయి విసిరినట్టు. ప్రతి చలికాలమూ ముగ్గురికో నలుగురికో తగిలేది.

ఆ రోజు తొడల్లోతు మంచులో రెండు గంటలు నడిచి వచ్చింది పట్టణ కార్యాలయం వాళ్ళ ఆరోగ్య నర్సు కినుయో. వచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు. తడిసిన బూట్లతో గుమ్మంలోనే కూర్చుని ఇసో చేతులు పట్టుకుంది. నెల తరవాత మళ్ళీ వచ్చి, నిప్పుల గుంట మీద ఉడుకుతున్న మిసో చారు గిన్నె వైపు చూపించి, "ఇసో అక్కా, ఆయన్ని చంపింది చలి ఒక్కటే కాదు. అదిగో, అది కూడా" అంది.

సోయా ముద్దలో ఉప్పు దండిగా కలిపి ఏడాది పొడుగునా పులియబెట్టే మిసో లేనిదే ఆ లోయలో పొద్దు పొడవదు, పొద్దు గుంకదు. అమ్మమ్మలు తాగిన చారు మొగుణ్ణి చంపిందంటే నమ్మడానికి ఇసోకి ఆరు నెలలు పట్టింది. ఒకసారి నమ్మాక మాత్రం, లోకంలో ఆమె నమ్మే మనిషి కినుయో ఒక్కతే అయింది. ఆ ఏడాదే వకాబా సంఘంలో చేరింది.

వకాబా అంటే లేతాకు. పేరుకి లేతాకు గానీ, అందులో ఉన్న ఇరవై ముగ్గురు ఆడవాళ్ళలో నలభై దాటనిది ఒక్కతీ లేదు. తెల్లటి పొడుగుచేతుల ఏప్రాన్లు కట్టుకుని ఉప్పు తగ్గించమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం, రక్తపోటు పరీక్షలకు ముసలివాళ్ళని చేతులు పట్టుకుని నడిపించుకు రావడం, నవంబరు మూడున పండగ సంతలో పంది మాంసం చారు, ఊరవేసిన ముల్లంగి అమ్మి విరాళాలు పోగుచేయడం వాళ్ళ పని. ఉప్పు తగ్గించమని చెప్పే సంఘం ఉప్పులో ఊరిన ముల్లంగి అమ్ముకుని బతకడమేమిటని ఎవరైనా నవ్వితే, "మీరు కొనకండి, అప్పుడు మేమూ మానేస్తాం" అని కూమె అవ్వ నోరు మూయించేది. డెబ్బై నాలుగేళ్ళ కూమె ఇసో పక్కింటిది. సంఘంలో అందరికంటే పెద్దది, అందరికంటే నోరున్నది.

మూడేళ్ళుగా పోగుచేస్తున్న విరాళం ఒకే ఒక్కదానికి. కినుయోకి చిన్న కారు. ఆమె స్కూటరు మంచులో రెండుసార్లు జారింది, రెండోసారి మోచెయ్యి విరిగింది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎగువ ఇళ్ళకు ఆమె నడిచే వెళ్ళేది. నర్సుకి బండి కొనివ్వాల్సింది పట్టణ కార్యాలయం కదా అని మీరడగొచ్చు. అడగాల్సిందే. కార్యాలయానికి రోడ్డు పక్కన పూలకుండీలు పెట్టించడానికి నిధులుంటాయి, నర్సు కాళ్ళ కింద చక్రాలకి ఉండవు. చక్రాల పని ఎప్పుడూ ముల్లంగి కోసే ఆడవాళ్ళదే.

సంఘం చేసే పనుల్లో ముఖ్యమైనది మాత్రం మూడో గురువారం కొలత. ఒక్కో జట్టుకీ ఒక ఉప్పు మీటరు ఉంటుంది. అరచేతిలో పట్టే పెట్టె, దానికి సూది. చారులో ముంచితే ముల్లు కదిలి ఆకుపచ్చ గీత మీదో, పసుపు మీదో, ఎరుపు మీదో నిలబడుతుంది. ఎవరి వీధి వాళ్ళు కొలుచుకోకూడదు, మొహమాటాలొస్తాయి. అందుకని ఇసో దిగువ వీధికి, దిగువ వీధివాళ్ళు ఇసో వీధికి వెళ్ళేవాళ్ళు. చెప్పకుండా ఒకరి వంటింట్లోకి వెళ్ళడం అక్కడ ఎంత మోటుపనో చెప్పలేను. పక్కింటి పొయ్యి మీద గిన్నె మూత ఎత్తడమంటే పక్కింటావిడ పైట లాగడమే. అందుకే ముందురోజు బుధవారం ఇంటింటికీ తిరిగే నోటీసు పలక మీద 'రేపు ఉప్పు కొలత' అని కాయితం పెట్టేవాళ్ళు. చదివిన ఇంటివాళ్ళు ముద్ర వేసి పక్కింటికి అందించేవాళ్ళు. గురువారం కొలత అయ్యాక ప్రతి ఇంట్లోనూ టీ, దానితోపాటు ఊరగాయ ముల్లంగి పెట్టేవాళ్ళు. తినకపోతే తప్పు. సాయంత్రానికి కొలిచేవాళ్ళ కడుపులో పది ఇళ్ళ ఉప్పు ఉండేది.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది సెప్టెంబరు ఆఖర్లో కార్యాలయం ఆరోగ్య విభాగం నుంచి షిబుకావా అనే అధికారి వచ్చాడు. సంఘం వాళ్ళందరూ ఊరి సమావేశ మందిరంలో చాపల మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నారు. షిబుకావా ముందు తలవంచి దండం పెట్టి, పెద్ద కాయితం విప్పి చూపించాడు. నలభై ఒక్క ఇళ్ళలో ముప్ఫై ఎనిమిది ఆకుపచ్చ.

"జిల్లాలోనే మొదటి స్థానమండీ. పండగ రోజున డిప్యూటీ మేయరుగారు స్వయంగా వచ్చి ప్రశంసా ఫలకం ఇస్తారు."

చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు తోకుకో మొహం లాంతరులా వెలిగింది.

"ఇంకో శుభవార్త. మిజునాషి ఇక సొంతకాళ్ళ మీద నిలబడిందని కార్యాలయం గుర్తించింది. అందువల్ల ఏప్రిల్ నుంచి కినుయోగారి సేవలు పట్నం కేంద్రంలోనే ఉంటాయి. ఇక్కడి వాళ్ళు అవసరమైతే బస్సులో రావచ్చు. కారు కోసం మీరు పోగుచేసిన విరాళంతో మందిరం ముందు చక్కటి గడియారం పెట్టించుకుంటే..."

చప్పట్లు ఆగిపోయాయి. బస్సు రోజుకి రెండుసార్లు, మంచు పడితే అదీ లేదు. "బాబూ, మాకు తగిలినప్పుడు ఎన్నింటికి తగిలిందో గడియారం చూసుకుని మీకు ఉత్తరం రాయమంటారా?" అంది కూమె. కొందరు నవ్వారు. షిబుకావా కూడా నవ్వి కాయితం మడిచాడు.

ఇసో నవ్వలేదు. ఆమె చూపు ఆ మడతపెట్టిన కాయితం మీదే ఉంది. ముప్ఫై ఎనిమిది ఆకుపచ్చ? ఈ ఏడాది మేలోనే దిగువ వీధి వడ్రంగికి తగిలింది, ఆగస్టులో ఎగువ ఇంటి కోడలికి తగిలింది, దానికి నలభై నాలుగేళ్ళే. ఆకుపచ్చ ఊళ్ళో ఎందుకు తగులుతోంది? కొలతల పుస్తకం ఎవరింట్లో ఉంటుంది? తోకుకో ఇంట్లో. తోకుకో మొగుడు ఏం వ్యాపారం చేస్తాడు? మిసో వ్యాపారం. సగం ఊరు వాళ్ళ కొట్లోనే కొంటుంది. ఊరు ఎర్రగా ఉందని తేలితే ఆ కొట్టు ఏమవుతుంది? తనలో తనే ఒక్కో మెట్టూ ఎక్కింది ఇసో. పై మెట్టు చేరేసరికి ఆమెకు తోకుకో, షిబుకావా ఒకే పళ్ళెంలో తింటున్నట్టు కనబడింది. నర్సుని అమ్మేసి ఫలకం కొనుక్కుంటున్నారు!

నాలుగు రోజుల తరవాత, నోటీసూ లేదు గురువారమూ కాదు, ఏప్రాను జేబులో మీటరు వేసుకుని కూమె ఇంటి పెరటి తలుపు తోసింది. కూమె అప్పుడే అన్నం ముందు కూర్చోబోతోంది.

"ఏంటే, దొంగలా పెరట్లోంచి వచ్చావ్?"

"కాస్త ఉల్లికాడలున్నాయేమోనని."

"నీ పెరట్లో మొలిచినన్ని ఉల్లికాడలు ఈ లోయలో లేవు. కూర్చో, నువ్వే ఉల్లికాడలా వంకర్లు పోతున్నావు."

కూమె ఊరగాయ తేవడానికి లోపలికి వెళ్ళింది. ఇసో గిన్నె మూత ఎత్తి సూది ముంచింది. ముల్లు ఆకుపచ్చ దాటి, పసుపు దాటి, ఎరుపు చివరకు వెళ్ళి కొట్టుకుంది.

"చూశావా?" వెనకనుంచి కూమె గొంతు. ఊరగాయ పళ్ళెం చేతిలో ఉంది.

ఇసోకి మొహం వేడెక్కింది. అయినా తగ్గలేదు. "అవ్వా, కాయితంలో నీ ఇల్లు ఆకుపచ్చ. పోయిన కొలత రోజున ముల్లు ఎక్కడ నిలబడింది?"

"నిలబడాల్సిన చోట నిలబడింది."

"అంటే?"

"అంటే ఏముందే? ఒకళ్ళ వంటింట్లో గిన్నె మూతెత్తిన ఆడదానితో ముల్లు సంగతులు నేను మాట్లాడను. టీ తాగి పో."

కూమె కళ్ళు పక్కకు తిప్పుకోవడం ఇసో గమనించింది. భయపడుతోందనుకుంది. తోకుకోకి భయపడుతోంది, అప్పుమీద మిసో తెచ్చుకుంటుంది కదా. అనుమానం అంతే, ఎటు చూస్తే అటే సాక్ష్యం దొరుకుతుంది.

అక్కణ్ణుంచి తిన్నగా తోకుకో ఇంటికి వెళ్ళింది. తోకుకో కొట్టు వెనక గదిలో ఫలకం ఎక్కడ తగిలించాలా అని గోడ చూస్తోంది.

"కొలతల పుస్తకం చూడాలి, అధ్యక్షురాలమ్మా."

"ఎందుకు?"

"నర్సమ్మని ఆ పుస్తకం చూపించే పంపేస్తున్నారు. అందులో ఏముందో నాకు తెలియాలి."

తోకుకో గోడ వదిలి ఇటు తిరిగింది. "నేను దిద్దాననుకుంటున్నావు."

"అనుకోవడం లేదు. చూస్తానంటున్నాను."

"ఇసో అక్కా, నువ్వు అనుమానపు మనిషివని అందరూ అంటే, పాపం కష్టాలు పడ్డ మనిషి అని వెనకేసుకొచ్చేదాన్ని నేను. నీ నోటితో నన్నే అంటావా? ఇదిగో, చూడు. కళ్ళజోడు కావాలా?"

పుస్తకం ముందు పడేసింది. ఇసో ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి గీత పక్కనా కొలిచినవాళ్ళ చేతిరాత, ఇంటివాళ్ళ ముద్ర. ఎక్కడా కొట్టివేత లేదు, చెరిపిన మచ్చ లేదు. దిగువ వీధి పేజీలు వచ్చాయి. పదకొండు ఇళ్ళు, పదకొండూ ఆకుపచ్చ. మేలో తగిలిన వడ్రంగి ఇల్లు కూడా ఆకుపచ్చ. రాత వంకరగా, పట్టుమిల్లు వదిలాక ముప్ఫై ఏళ్ళకు నేర్చుకున్న రాత. అది ఇసోదే.

"ఆ పేజీలు కూడా నేనే దిద్దానంటావా?" అంది తోకుకో.

లోకంలో అందర్నీ అనుమానించింది గానీ తన చేతిలోని సూదిని ఎన్నడూ అనుమానించలేదు. పుస్తకం మూసి రెండు చేతులతో అందించి, తల వంచి బయటపడింది.

అక్టోబరు మూడో గురువారం వచ్చింది. నడుం పట్టేసిందని చెప్పి ఇసో తన జట్టుతో వెళ్ళలేదు. వంటింటి పక్క గదిలో పరుపు వేసుకుని పడుకుంది. జారుడు తలుపు రెండు వేళ్ళ సందు తెరిచి ఉంది. కొలిచేవాళ్ళ అడుగులు పక్కింట్లో వినబడగానే, ఫుసాయె లేచింది. చారు గిన్నెలోంచి నాలుగు గరిటెలు తీసి చిన్న గిన్నెలో పోసి, దాన్ని పొయ్యి వెనక దాచి గుడ్డ కప్పింది. తరవాత కెటిల్ ఎత్తి పెద్ద గిన్నెలోకి వేడినీళ్ళు కుమ్మరించింది. ఒక్క చుక్క బయట పడలేదు. చాలాకాలంగా చేస్తున్న చెయ్యి అది.

కొలిచేవాళ్ళు వచ్చారు. "ఆకుపచ్చ! సంఘం మనిషి ఇల్లంటే ఇలా ఉండాలి" అన్నారు. టీ తాగారు, ముల్లంగి తిన్నారు, వెళ్ళారు.

ఇసో తలుపు తీసింది. ఫుసాయె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అత్తయ్యా..."

"ఎన్నాళ్ళ నుంచే?"

"నేను కాపురానికొచ్చిన ఏడాది నుంచి." ఫుసాయె కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం. "మరేం చెయ్యమంటారు? ఉప్పు తగ్గించి పెడితే మీ అబ్బాయి గిన్నె నెట్టేసి కుళాయి నీళ్ళా అంటాడు. మీరు కూడా ఆ పైన ఊరగాయ నీళ్ళు పోసుకుంటారు. మీరే గమనించరు! గురువారం ముల్లు ఎరుపెక్కితే ఊరంతా ఏమంటుంది? 'ఇసో ఊళ్ళో వాళ్ళకి నీతులు చెబుతుంది, కోడలికి వంట చేతకాదు' అంటుంది. మీ పరువు కోసమే, అత్తయ్యా. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ బుధవారం పలక రాగానే కెటిల్ నింపుతారు. మీకొక్కరికే తెలీదు."

ఇసో నేల మీద కూర్చుండిపోయింది. పళ్ళెంలో చేపముక్క. ఉల్లికాడలు. ఎవరూ ఎవరినీ కొనలేదు, ఎవరూ పుస్తకం దిద్దలేదు. ముప్ఫై ఎనిమిది ఇళ్ళలో ముప్ఫై ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళు సిగ్గుపడి కెటిల్ ఎత్తారు. ఆ సిగ్గునంతా కలిపి కార్యాలయం కాయితం మీదికెక్కించుకుని నర్సుని పట్టుకుపోతోంది.

మర్నాడు స్కూటరు చప్పుడు వినగానే రోడ్డుకి అడ్డం వెళ్ళింది. "నర్సమ్మా, నీకు తెలుసా?"

కినుయో స్కూటరు ఆపి హెల్మెట్ తీసింది. ఏ సంగతని అడగలేదు. "నా రక్తపోటు పుస్తకంలో అయిదేళ్ళుగా ఒక్కరికీ తగ్గలేదక్కా. మూడుసార్లు కార్యాలయానికి రాశాను. సంఘం లెక్కలు బాగున్నాయి కదా, మీ యంత్రమే సరిచూసుకోండి అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు? నిన్ను ఒక్కదాన్నే నమ్మాను కదే!"

"ఏమని చెప్పను? మీ ఊరి ఆడవాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారనా? పరాయి ఊరిదాన్ని. ఆ మాట నేనంటే రేపు ఏ గుమ్మం నాకు తెరుచుకుంటుంది? అనాల్సింది మీరే."

నవంబరు రెండున సంత చారు కోసం ముల్లంగి, బంగాళాదుంపలు తరగడానికి సంఘమంతా మందిరంలో చేరింది. ఇరవై రెండు కత్తులు ఒకేసారి టకటకలాడుతున్నాయి. ఇసో ఆలస్యంగా వచ్చింది. గుడ్డలో మూటకట్టిన గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. మూత తీసింది.

"ఇది మా ఇంటి పొద్దుటి చారు. నీళ్ళు పొయ్యనిది." సూది ముంచింది. "రండి, చూడండి."

ఎవరూ లేవలేదు. కత్తులు మాత్రం ఆగాయి.

"ఎరుపు. మా ఇంటిది ఎరుపు. తొమ్మిదేళ్ళుగా ఎరుపే తాగుతున్నాను. మీ ఇళ్ళకొచ్చి ఆకుపచ్చ రాసుకుపోతున్నాను. మీలో ఎవరినీ నేను తప్పు పట్టను, నా ఇంట్లోదే నాకు తెలీదు. కానీ రేపు ఆ ఫలకం తీసుకుంటే ఏప్రిల్లో కినుయో పోతుంది. ఆ తరవాత తగిలినవాళ్ళ తలగడ దగ్గర ఎవరు కూర్చుంటారు? ఫలకం కూర్చుంటుందా?"

ఒకావిడ తరుగుతున్న ముల్లంగి వైపే చూస్తూ, "అందరి ముందూ ఇలా అంటే ఎలా? మా మొహాలెక్కడ పెట్టుకోవాలి?" అని గొణిగింది.

"నీ మొహం ఎప్పుడూ పెట్టుకునే చోటే పెట్టుకో, దానికేం కాలేదు" అంది కూమె. కత్తి కింద పెట్టి లేచింది. "మాది ఇంకా ఎరుపు. దీని ముల్లు అక్కడ ఆగిందిగానీ, మా ఇంట్లో పెట్టె బద్దలుకొట్టుకుని బయటికి రాబోయింది. దొంగతనంగా వచ్చి చూసింది ఈ మహాతల్లి. పందెం కాస్తారా ఎవరైనా నాతో?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కకి పాకింది. మూలనుంచి ఒకావిడ "మేం కెటిల్ కాదు, ఏకంగా గంగాళం" అంది. ఇంకొకావిడ ఏడ్చింది. ఆమె ఆగస్టులో తగిలిన కోడలి అత్త.

తోకుకో మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ ఉంది. పలహారాల దుకాణానికి కూడా కబురు చెప్పేసింది, గోడకి మేకు కూడా కొట్టించేసింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? డిప్యూటీ మేయరుగారు వస్తున్నారు. ఆలోచిస్తాను" అని మాత్రం అంది.

ఆలోచిస్తాననే మనిషిని ఇసో ఎన్నడూ నమ్మలేదు.

పండగనాడు బడి వ్యాయామశాల కిక్కిరిసింది. చారు కాగుల దగ్గర వరసలు, అరుపులు. పదకొండింటికి వేదిక మీద డిప్యూటీ మేయరు, పక్కన షిబుకావా, బల్ల మీద నల్లటి ఫలకం, దాని మీద బంగారు అక్షరాలు. ఇసో మొదటి వరసలో కూర్చుంది. ఒళ్ళో మూటకట్టిన గిన్నె. వెనక వరసల్లో కూడా ఒళ్ళలో మూటలున్నాయి. ఎన్ని ఉన్నాయో తిరిగి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

తోకుకోని పిలిచారు. మంచి కిమోనో కట్టుకుని మెట్లెక్కింది. నడుం దాకా వంగింది. డిప్యూటీ మేయరు ఫలకం చాపాడు. తోకుకో రెండు చేతులూ ముందుకొచ్చాయి. తీసుకుంటోంది, అనుకుంది ఇసో. తీసుకుంటోంది! ఎప్పటికైనా మిసో కొట్టు మిసో కొట్టే. గిన్నె పట్టుకుని సగం లేచింది.

తోకుకో చేతులు ఫలకం అంచుని తాకి ఆగాయి. మెల్లగా దాన్ని ఆయన వైపే తిరిగి తోశాయి.

"క్షమించాలి. ఇది పుచ్చుకునే అర్హత మాకు లేదు. మీకు వెళ్ళిన లెక్కలు తప్పు. చెప్పి వెళ్ళి కొలిచాం కాబట్టి తప్పు. సంఘం పెద్దని నేను, తప్పు నాది." షిబుకావా వైపు తిరిగింది. "మా వాళ్ళు ఇవాళ్టి చారు తెచ్చారు. షిబుకావాగారు స్వయంగా కొలవాలి." కిమోనో చేతి మడతలోంచి మీటరు తీసి ఆయన ముందు పెట్టింది.

షిబుకావా నవ్వబోయాడు. "ఈ విషయం తరవాత కార్యాలయంలో మాట్లాడుకుందామండీ, పండగ పూట..."

అప్పటికే ఆడవాళ్ళు మెట్లెక్కుతున్నారు. ఒక్కొక్కరూ మూట విప్పి, గిన్నె ఫలకం పక్కన పెట్టి, తలవంచి దిగుతున్నారు. బల్ల నిండిపోతే నేల మీద పెట్టారు. పదిహేడు గిన్నెలు. ఆరుగురు రాలేదు, వాళ్ళ మొగుళ్ళు రానివ్వలేదు.

"ముంచు నాయనా" అంది కూమె. "సూది కరవదులే."

నాలుగు వందలమంది చూస్తుండగా షిబుకావా సూది ముంచాడు. మొదటి గిన్నె, రెండోది, మూడోది. నాలుగోదానికి డిప్యూటీ మేయరు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగి తనే చూశాడు. అయిదోదాని తరవాత "చాలు" అన్నాడు.

ఆ "చాలు" వల్ల ఊళ్ళో అందరూ సంతోషించలేదు. 'ఉప్పు పోలీసు' అని ఇసోకి పేరు పెట్టారు. జిల్లాలో మొదటి ఊరు జిల్లాకే నవ్వులపాలయిందని మగవాళ్ళు సారాకొట్టు దగ్గర తిట్టారు. తోకుకో ఇంట్లో మొగుడూ పెళ్ళాం మధ్య నెల రోజులు మాటల్లేవని చెప్పుకున్నారు. సంతలో ఇసోని చూసి ఇద్దరు ముగ్గురు దారి మార్చుకునేవాళ్ళు.

డిసెంబరులో కార్యాలయం నుంచి రెండు వరసల ఉత్తరం వచ్చింది. నర్సు బదిలీ నిలిపివేస్తున్నాం, ఇకమీదట కొలతలు ముందుగా చెప్పకుండా నర్సే చేయవలెను. తాము చేసిన తప్పు గురించి ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. ఇసో దాన్ని మూడుసార్లు చదివింది, వెనక్కి తిప్పి చూసింది, ముద్ర మీద వేలితో రాసి చూసింది. అప్పటికీ 'నిలిపివేస్తున్నాం' అనే మాట ఆమెకు నచ్చలేదు. నిలిపినదాన్ని రేపు మళ్ళీ కదుపుతారు. "ప్రతి ఏప్రిల్లోనూ మనం వెళ్ళి అడగాలి" అని తోకుకోతో అంది. "వెళ్దాం" అంది తోకుకో, పొడిగానే.

జనవరిలో, రాత్రంతా మంచు పడిన పొద్దున, వెలిసిన నీలిరంగు సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి ఎగువకి మూలుగుతూ వచ్చి ఇసో గుమ్మం ముందు ఆగింది. ముందుగా కబురు లేదు. కినుయో లోపలికొచ్చి తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి గిన్నె మూతెత్తింది. ఫుసాయె కెటిల్ ముట్టుకోలేదు. ముల్లు పసుపు మీద నిలబడింది, ఎరుపుకి దగ్గరగానే.

"సరే. మొదలుపెట్టారు" అంది కినుయో. "అక్కా, ఇటు చెయ్యి చాపు."

"నాదెందుకు? నాకేం లేదు."

"తొమ్మిదేళ్ళుగా అందరి చేతులూ పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చావు. నీ చెయ్యి ఒక్కసారైనా చాపావా?"

గుడ్డపట్టీ బిగిసింది, గాలి పోయింది. కినుయో అంకె చెప్పలేదు, ఇంకోసారి బిగించింది.

"ఎంత?"

"నూట తొంభై రెండు."

ఇసో ఆ యంత్రం వైపు, గొట్టం వైపు, కినుయో వేళ్ళ వైపు వరసగా చూసింది. "ఈ పెట్టె ఎప్పుడు కొన్నది? చలికి పాడైందేమో. ఈ చెయ్యి చూడు."

రెండో చెయ్యి నూట తొంభై నాలుగు.

"దీన్నే ముందు తోకుకోకి పెట్టి చూశావా? ఆవిడకెంతొచ్చింది?"

"ఆవిడ సంగతి ఆవిడది. నీది నీది" అంటూ కినుయో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, బూట్ల మంచు కరిగి చాప తడుస్తున్నా పట్టించుకోకుండా. సంచిలోంచి మాత్రల పొట్లం తీసింది. "వారం వారం వస్తాను. చెప్పి రాను."

ఇసో ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఫుసాయె నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది.

"మింగుతారా, అత్తయ్యా, లేకపోతే తనిఖీ అయ్యగార్నేమైనా పిలిపించమంటారా?"

"నోరుముయ్యి" అని, మింగింది.